ఆషాఢంలో నాటే సంక్రాంతి

మండపేట పట్టణానికీ దాని చుట్టూ ఉన్న తూర్పు డెల్టా గ్రామాలకూ ఏడాదిలో పని అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది, పగలు అన్నిటికన్నా తక్కువగా ఉండే నెలల్లోనే. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని నుంచి సాగిన కాలువలు ఈ నేలను రెండు పంటల వరి భూమిగా మార్చిన తరువాత, వానాకాలపు పంటైన సార్వా కోతకు వచ్చే రోజులూ రెండో పంటైన దాళ్వాకు నారు పోసే రోజులూ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. కార్తిక, మార్గశిర మాసాల్లో ఒకవైపు కోతలు, నూర్పిళ్లు, ధాన్యం ఆరబెట్టి మిల్లులకు తోలడం సాగుతుండగానే మరోవైపు దాళ్వా నారుమడి సిద్ధం చేయవలసి వస్తుంది. సరిగ్గా ఆ ఊపిరాడని రోజుల్లోనే చిక్కుడు పాదుకు పందిరి సరిచేయడం, వంగ, టమాటా, మిరప నారు నాటడం, కంద తవ్వడం, బంతి, చేమంతి మొక్కలకు ఊతం కట్టడం వంటి పెరటి పనులూ వచ్చిపడతాయి. ఈ పనిని కూరగాయల ఖర్చు మిగిల్చే పొదుపుగా మాత్రమే చూడడం పరిపాటి. అయితే కూరల ధరలతో కొలిస్తే దాని విలువలో చాలా భాగం కొలతకు అందకుండా పోతుంది. అది ప్రధానంగా ఇంటివాళ్ల కోసం నెలల ముందే పక్కన పెట్టిన కాలం.

చలికాలపు పొద్దు గురించి తెలుగువారికి ఒక పాత సామెత ఉంది: కార్తికమాసాన కడవ కడుగ పొద్దుండదు, పుష్యమాసాన పూస గుచ్చ పొద్దుండదు. పగలు నిజంగా అంతగా తరిగిపోతుందా అని లెక్క చూస్తే, మండపేట ఉన్న అక్షాంశంలో జూన్ మూడో వారంలో 13 గంటలకు పైగా ఉండే పగలు డిసెంబరు 21, 22 తేదీల నాటికి సుమారు 11 గంటలకు దిగుతుంది. తగ్గేది రెండు గంటలే అయినా, కోతలూ పండుగ ఏర్పాట్లూ కలిసి పనిని పెంచేయడం వల్ల ఆ రెండు గంటల లోటు ఎన్నో రెట్లుగా తోస్తుంది. సామెతలోని కడవా పూసా రెండూ ఆడవారి పనులకు సంబంధించినవే కావడాన్ని బట్టి, ఆ లోటు మొదట ఎవరికి తెలిసివచ్చిందో కూడా ఊహించవచ్చు.

ఈ ప్రాంతపు కాలగణనలో మరో విశేషం ఉంది. భారతదేశమంతటా గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు సమీపంలో సాగుతుంది. మండపేట దానికి కొద్దిగా పడమరన ఉన్నందువల్ల ఇక్కడి సగటు సౌర సమయానికీ గడియారానికీ మధ్య తేడా రెండు మూడు నిమిషాలకు మించదు. గుజరాత్‌లోనో అస్సాంలోనో గడియారం ఒకటి చెబితే పొద్దు మరొకటి చెబుతుంది గాని, గోదావరి డెల్టాలో రెండూ దాదాపు ఒకే మాట చెబుతాయి. సూర్యాస్తమయం అన్నిటికన్నా ముందుగా జరిగేది నవంబరు రెండో పక్షంలో, ఐదున్నరకు కాస్త ముందు. సూర్యోదయం అన్నిటికన్నా ఆలస్యమయ్యేది జనవరి రెండో పక్షంలో, ఆరున్నర దాటిన తరువాత. అందువల్ల కార్తికంలో పెరటి పనికి సాయంత్రాలు చాలవు, పుష్యంలో ఉదయాలు చాలవు. ఏ పని ఏ పూట పెట్టుకోవాలన్నది అనుభవం ఉన్న పెద్దలు నెలనెలా మార్చుకుంటూ ఉంటారు.

మనుషులకన్నా కచ్చితంగా ఈ మార్పును కొలిచేది చిక్కుడు పాదు. పెరళ్లలో తరతరాలుగా పెంచుతున్న పందిరి చిక్కుడు రకాలను ఆషాఢంలో విత్తితే, శ్రావణ, భాద్రపదాల్లో తీగ పందిరంతా అల్లుకుపోతుంది గాని పూత రాదు. ఎంత ఎరువు వేసినా, ఎన్ని నీళ్లు పోసినా ఆకు పెరుగుతుందే తప్ప గెల కనబడదు. పగలు కుదించుకుపోయి రాత్రి ఒక హద్దు దాటి పొడవైన తరువాతనే, అంటే ఆశ్వయుజ, కార్తికాల్లో, పూత మొదలై పుష్య, మాఘాల్లో కాపు ముమ్మరమవుతుంది. ఇటువంటి మొక్కలను వృక్షశాస్త్రజ్ఞులు హ్రస్వదిన మొక్కలు, అనగా పొట్టి పగళ్లలో పూచే మొక్కలు అంటారు. ఈ ధర్మాన్ని స్పష్టంగా నిరూపించినవారు అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు. వేసవంతా ఎదుగుతూనే ఉండి పూయని మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం మీద వారు చేసిన పరిశీలనలు 1920లో వెలువడ్డాయి. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో రాజమండ్రిలో ఏర్పడినందున గోదావరి ప్రాంతానికి పొగాకు శాస్త్రం పరాయిది కాదు గాని, అదే సూత్రం ఇంటింటి చిక్కుడు పందిరి మీద పనిచేస్తున్నదని చాలామందికి తెలియదు.

ఆ తరువాత 1938లో హామ్నర్, బానర్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు, మొక్క నిజంగా కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటినని చూపించారు. పొడవైన రాత్రి మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగిస్తే వారి ప్రయోగంలోని మొక్క పూయడం మానేసింది. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణక పదార్థం వెలుతురుకు ఒక రూపంలోకీ చీకటిలో మరో రూపంలోకీ మారుతూ ఈ లెక్కకు తోడ్పడుతుందని 1950లలో తేలింది. చేమంతిని వ్యాపారానికి పెంచేవారు పూత ఆలస్యం కావాలనుకున్నప్పుడు రాత్రివేళ తోటలో బల్బులు వెలిగించడం ఈ జ్ఞానం మీద ఆధారపడినదే. వీధి దీపం నేరుగా పడే గోడ పక్కన చిక్కుడు పాదు పెట్టకపోవడం మంచిదనే సలహాకు కూడా ఆధారం ఇదే. గోంగూర సైతం హ్రస్వదిన మొక్కే కాబట్టి చలికాలం రాగానే ఆకు చిన్నదై పూత వైపు తిరుగుతుంది. నిల్వ పచ్చడికి కావలసిన ఆకును అంతకు ముందే కోసుకోవాలి.

దీని వల్ల కుటుంబానికి కలిగే పర్యవసానం ఒకటుంది. సంక్రాంతికి ఇంటికి వచ్చే పిల్లలకు పెరటి చిక్కుడుకాయ కూర వండిపెట్టాలని పుష్యమాసంలో అనుకుంటే అది సాధ్యం కాదు. ఆరు నెలల ముందు, ఎవరు వస్తారో ఎవరికి సెలవు దొరుకుతుందో ఇంకా తెలియని రోజుల్లో, గింజ నేలలో పడి ఉండాలి. పండుగ భోజనంలో గోదావరి ఇళ్లు ముఖ్యంగా చేసుకునే దప్పళంలోకి గుమ్మడి, ఆనపకాయ, చిక్కుడు, కంద, చిలగడదుంప వంటివి పడతాయి. వీటిలో ప్రతి ఒక్కదానికీ వేరువేరు వయసు, వేరువేరు విత్తే అదును ఉన్నాయి. అవన్నీ ఒక్క రోజున ఒకే గిన్నెలోకి చేరడానికి ఏడాదిలో సగానికి పైగా కాలాన్ని ఎవరో ఒకరు మనసులో పెట్టుకొని నడవాలి. బజారులో అన్నీ దొరికే రోజుల్లో ఈ శ్రమ అవసరమా అన్న ప్రశ్నకు జవాబు ఇదే: బజారు కూరగాయను ఇస్తుంది గాని, వచ్చేవారిని ఆరు నెలలుగా తలచుకొని ఉండడాన్ని ఇవ్వలేదు.

అదునును డెల్టా రైతులు కార్తెలతో కొలుస్తారు. సూర్యుడు ఒక్కో నక్షత్రాన్ని దాటడానికి పట్టే పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి అటువంటివి 27. నవంబరు మొదటి వారంలో విశాఖ, తరువాత అనూరాధ, జ్యేష్ఠ, డిసెంబరు మధ్యలో మూల, జనవరి రెండో వారంలో ఉత్తరాషాఢ కార్తెలు వస్తాయి. కూరగాయల నారు నాటడానికి విశాఖ కార్తె దాటేదాకా వేచి ఉండాలనే పెద్దల జాగ్రత్తకు బలమైన కారణం ఉంది. బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా తీరం దాటేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన తీరు ఈ ప్రాంతంలో ఒక తరం మొత్తానికి గుర్తుంది. లేత నారు కూడా అటువంటి వానకు ఒక్క రాత్రిలో కుళ్లిపోతుంది, ఎందుకంటే ఇక్కడి ఒండ్రు నేల బంకమట్టితో కూడి నీటిని త్వరగా వదలదు. అందుకే మడిని చదునుగా కాకుండా బోదెలు ఎత్తి, వాటి మీద నారు నాటాలి. వంగ, టమాటా, మిరప నారును ఇంట్లో పోసుకోవడం తీరకపోతే, మండపేటకు దగ్గరలోనే ఉన్న కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక నర్సరీల నుంచి తెచ్చుకోవచ్చు. దేశమంతటికీ మొక్కలు పంపే ఆ నర్సరీల దారులు డిసెంబరు, జనవరి నెలల్లో పూలతో కళకళలాడుతూ కుటుంబాలను ఆకర్షిస్తాయి.

నేలను గుల్లబరిచే పదార్థాలు ఈ ఊరిలోనే దొరకడం పెరటివారి అదృష్టం. రైస్ మిల్లుల నుంచి వచ్చే ఊక బూడిద బంకమట్టిలో కలిస్తే వేరుకు గాలి ఆడుతుంది, కొంత పొటాషు కూడా అందుతుంది. మండపేట, అనపర్తి ప్రాంతాల్లో కోళ్ల పెంపకం విస్తారంగా ఉన్నందున కోళ్ల ఎరువుకూ కొరత లేదు గాని, దీని విషయంలో తొందరపడకూడదు. పచ్చి కోళ్ల ఎరువులోని నత్రజని అమ్మోనియాగా మారి లేత వేళ్లను మాడ్చేస్తుంది కనుక, దానిని ఆకులు, కొబ్బరి పొట్టు, మట్టితో కలిపి రెండు మూడు నెలలు మాగనివ్వాలి. భాద్రపదంలో కుప్ప వేసినవారికే కార్తికంలో ఎరువు చేతికి వస్తుంది.

చలికాలపు పెరటిలో అన్నిటికన్నా నిండైన రోజు కంద తవ్వే రోజు. వేసవి చివర నాటిన కంద దుంప ఏడెనిమిది నెలలు నేలలో ఉండి, గొడుగు లాంటి ఆకు పండుబారి కాడ వాలిపోయినప్పుడు తవ్వకానికి సిద్ధమవుతుంది. గునపం దుంపకు తగిలితే గాయమైనచోట కుళ్లు పడుతుంది కాబట్టి చుట్టూ దూరంగా తవ్వి, చివరి మట్టిని చేత్తో తీయాలి. ఒకరు తవ్వితే ఒకరు మట్టి తొలగించాలి, మరొకరు దుంపను పైకెత్తాలి. నాటు కందలో దురద పుట్టించేవి కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థపు సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు. చింతపండు పులుసులో ఉడికించే అలవాటు వెనుక ఉన్నది ఆ దురదను అణచే ప్రయత్నమే. రాజమండ్రికి ఎదురుగా గోదావరి అవతలి గట్టున ఉన్న కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వెలువడిన గజేంద్ర అనే రకం దాదాపు దురద లేనిది. గోదావరి పెళ్లిళ్లలో ఆవ పెట్టి వడ్డించే కంద బచ్చలి కూర తినేవారిలో ఎంతమందికి అది పొరుగు పట్టణపు శాస్త్రజ్ఞుల కృషి అని తెలుసో చెప్పడం కష్టం. తవ్విన దుంపలో మొలక పుట్టడానికి కొన్ని నెలల విశ్రాంతి కావాలి, అంతవరకు అది గాలి తగిలేచోట కదలకుండా పడి ఉంటుంది.

తెగుళ్ల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మబ్బు పట్టిన చలి రోజుల్లో చిక్కుడు లేత కొసలను పేనుబంక కప్పేస్తుంది. రసం పీల్చే ఆ చిన్న పురుగులను ఆరంభంలోనే నీటి ధారతో కడిగివేసినా, వేపగింజల కషాయం చల్లినా అదుపులోకి వస్తాయి. మచ్చల రెక్కలున్న అక్షింతల పురుగులు పేనుబంకను తిని బతికే మిత్రపురుగులు కనుక వాటిని చూసి మందు కొట్టడం మాని, రెండు మూడు రోజులు వేచి చూడడం మేలు. నీరు సాయంత్రం కాకుండా ఉదయం పోయాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులు ముదురుతుంది.

ఈ పనులన్నీ ఎవరి కాలం నుంచి వస్తున్నాయన్నది తప్పించుకోకూడని ప్రశ్న. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పాల్గొనే పురుషులు 88 నిమిషాలు జీతం లేని ఆ పనులకు వెచ్చిస్తున్నారు. పెరటి పని చాలా ఇళ్లలో ఈ బరువు మీద మరో బరువుగా పడుతుంది. కోతల రోజుల్లో కూలీలకు అన్నం వండి, పిల్లలను బడికి పంపి, మిగిలిన వేళలో పాదులు చూసుకునే ఇల్లాలికి అది విశ్రాంతి అని ఇతరులు అనుకోవడం అన్యాయం. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ బెర్గ్, కస్టర్స్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో, ఒత్తిడి కలిగించే పని తరువాత అరగంట తోటపని చేసినవారిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను, అరగంట చదువుతూ కూర్చున్నవారిలోకన్నా ఎక్కువగా తగ్గింది. అయితే ఆ అరగంట వారికి ఇతర బాధ్యతలు లేని అరగంట అని గుర్తుంచుకోవాలి. తోటపని మనసుకు హాయినిచ్చేది దానిని పంచుకునే చేతులు ఇంట్లో ఉన్నప్పుడే. పందిరికి సరుగుడు గుంజలు పాతడం, కంద తవ్వడం, ఎరువు మోయడం మగవారు, పెద్ద పిల్లలు తీసుకుంటే ఇల్లాలికి మిగిలే కాలమే ఆ పెరటి మొదటి ఫలసాయం.

పిల్లలు హైదరాబాద్‌కో గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిపోయి వృద్ధ దంపతులు మాత్రమే మిగిలిన ఇళ్లు ఈ డెల్టాలో వీధికి కొన్ని ఉన్నాయి. అటువంటి ఇళ్ల పెరళ్లలో ఇద్దరు తినగలిగినదానికన్నా ఎక్కువ కూరగాయలు కాయడం సర్వసాధారణం. కాసినవి పక్కింటికీ ఎదురింటికీ పనివారికీ చేరుతాయి. శీతాకాలంలో న్యూయార్క్ సమయం భారత సమయానికి పదిన్నర గంటలు వెనుక నడుస్తుంది కాబట్టి, మండపేటలో ఉదయం ఆరున్నరకు పెద్దలు మొక్కల మధ్య ఉండే వేళకు అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిది, అంటే భోజనాలు ముగించుకొని మనుమలు మాట్లాడడానికి వీలైన వేళ. వీడియో కాల్‌లో ఆరోగ్యం గురించిన ప్రశ్నలు రెండు నిమిషాల్లో తీరిపోతాయి గాని, ఏ తీగకు ఎన్ని గెలలు వచ్చాయో చూపించడం మొదలైతే సంభాషణకు రోజూ కొత్త విషయం ఉంటుంది.

అమెరికాలోని తెలుగువారు ఇళ్ల వెనుక పెంచే చిక్కుడుకు ఎదురయ్యే సమస్య ఈ వ్యాసంలో ముందు చెప్పిన సూత్రానికి చక్కని ఉదాహరణ. న్యూజెర్సీ వంటి ఉత్తర ప్రాంతాల్లో వేసవి పగలు 15 గంటల దాకా ఉంటుంది; ఊరి నుంచి తీసుకువెళ్లిన నాటు విత్తనం అక్కడ ఏపుగా తీగ సాగి, పగలు తరిగే సెప్టెంబరు దాకా పూతకు ఆగి, కాయ పట్టేలోపు మంచు గడ్డకట్టే చలికి చచ్చిపోతుంది. పొద్దు పొడవుతో నిమిత్తం లేకుండా కాసే పొట్టి రకాలను, ఉదాహరణకు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ వంటివాటిని, అటువంటి చోట్ల ఎంచుకోవడం వివేకం.

పెరడు, పండుగ, పిల్లలు ఒకచోట కలిసే సందర్భాలు చలికాలంలో వరుసగా వస్తాయి. కార్తికంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు, ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదకు గుమ్మడి పూలు, బంతి, చేమంతులు, భోగి నాటి సాయంత్రం పిల్లల తల మీద పోసే రేగుపళ్లు అందరికీ తెలిసినవే. మాఘశుద్ధ సప్తమి నాటి రథసప్తమిలో చిక్కుడుకు ప్రత్యేక స్థానం ఉంది: చిక్కుడుకాయలను చీపురుపుల్లలతో గుచ్చి సూర్యుడికి చిన్న రథం చేస్తారు, పిడకల మంట మీద కాచిన పాయసాన్ని చిక్కుడు ఆకుల్లో నివేదిస్తారు. సూర్యుడు ఉత్తరానికి మరలిన సంగతి ఉదయపు పొద్దులో స్పష్టంగా తెలియవచ్చే రోజులవి; పొట్టి పగళ్లను చూసి పూచిన మొక్క కాయలతోనే పగలు పెరగడాన్ని పండుగ చేసుకోవడంలో పూర్వికుల సునిశితమైన గమనింపు కనిపిస్తుంది. ఆ రథం చేయడం పిల్లలకు నేర్పడానికి పావుగంట చాలు, కాని కాయలు బుట్టలో కొన్నవైతే ఆ పావుగంట వెనుక ఉన్న ఆరు నెలల కథ వారికి తెలియదు.

పెరళ్లు గదులుగా, షాపులుగా మారిపోతున్న మాట నిజమే. అయినా రోజుకు ఆరు గంటల ఎండ పడే మేడ మీద లోతైన రెండు పెద్ద సంచుల్లో మట్టి, మాగిన ఎరువు, ఊక బూడిద కలిపి చిక్కుడు పెంచవచ్చు. విత్తనం కొనవలసిన అవసరం కూడా లేదు: మాఘమాసంలో తీగ నడుమ భాగంలో పురుగు తగలని నాలుగైదు గెలలను కోయకుండా వదిలి, కాయ పూర్తిగా ఎండిన తరువాత గింజ తీసి, నీడన ఆరబెట్టి, పుచ్చు పట్టకుండా బూడిదలోనో ఎండిన వేపాకులోనో కలిపి మూత గట్టిగా ఉన్న సీసాలో దాచాలి. పండుగకు ఊరు వచ్చేవారు తిరుగు ప్రయాణానికి ముందు ఒక ఉదయం పెద్దలతో పెరటిలో గడిపి, ఏ పాదు ఎప్పటిదో, ఆ విత్తనం ఏ ఇంటి నుంచి వచ్చిందో అడిగి రాసుకోవాలి. దాచిన గింజల్లో ఒక గుప్పెడు వెంట తీసుకువెళ్లి ఆషాఢం రాగానే విత్తుకోవాలి.